తెలుగు అచ్చుకు పుట్టినిల్లు: హాలె నగరాన్ని రెండు రోజుల్లో కాలినడకన చూడటం ఎలా

జర్మనీ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోటోలు చూడండి. బ్రాండెన్‌బుర్గ్ గేటు ముందు ఒకటి ఉంటుంది. నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటను వెనక పెట్టుకుని ఇంకొకటి ఉంటుంది. హాలె పేరు ఆ వరుసలో ఎక్కడా కనిపించదు. బెర్లిన్ నుంచి వేగపు రైలులో గంటంబావు దూరమే. లైప్‌జిగ్‌కైతే పక్క ఊరే. అయినా చాలామంది ఈ స్టేషన్‌ను రైలు మారడానికే వాడుకుంటారు. మొదటిసారి నేనూ అంతే, ప్లాట్‌ఫారం మీద కాఫీ తాగి వెళ్ళిపోయాను. తెలుగు లిపిలో తొలి పుస్తకాలు అచ్చయిన చోటు అక్కడికి పావుగంట నడకలో ఉందని ఆ తర్వాత తెలిసి నాలుక కరుచుకున్నాను.

సంగతి ఇది. బెంజమిన్ షుల్ట్సె అనే జర్మన్ మతబోధకుడు 1719లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చాడు. 1726లో మద్రాసు చేరి అక్కడే తెలుగు నేర్చుకున్నాడు. 1743లో తిరుగుప్రయాణం కట్టి హాలె చేరాక, 1746, 1747 సంవత్సరాల్లో అక్కడ ఫ్రాంకె అనే పాస్టరు పెట్టిన బడి, అనాథాశ్రమం, అచ్చుకూటాల సముదాయమైన ఫ్రాంకె సంస్థల నుంచి కొన్ని చిన్న క్రైస్తవ గ్రంథాలను తెలుగులో అచ్చు వేయించాడు. సి.పి. బ్రౌను పుట్టడానికి అప్పటికి ఇంకా యాభై ఏళ్ళ పైమాటే.

ఆ ఒక్క కారణం చాలు మనం వెళ్ళడానికి. వెళ్ళాక మాత్రం అదొక్కటే చూసి తిరిగి రాలేరు. రెండు రోజులు పెట్టుకోండి.

ముందుగా: ఏ హాలె?

రైలు టికెట్ కొనేటప్పుడే చాలామంది పొరబడతారు. జర్మనీలో హాలె అనే ఊరు ఇంకోటి ఉంది. అది పశ్చిమాన వెస్ట్‌ఫాలియాలో ఉన్న చిన్న పట్టణం, టెన్నిస్ పోటీలకు పేరుమోసింది. బెల్జియంలోనూ ఒక హాలె ఉంది. మీకు కావలసింది జాలె నది ఒడ్డున ఉన్నది. టికెట్ మీద హాలె పక్కన కుండలీకరణాల్లో జాలె అని ఉందో లేదో చూసుకోండి. హోటల్ గది తీసుకునేటప్పుడూ ఇదే జాగ్రత్త. గది ఒక ఊళ్ళో, మీరు ఒక ఊళ్ళో అయితే మధ్యలో సగం జర్మనీ ఉంటుంది.

బెర్లిన్ వైపు నుంచి వస్తే ఐసీఈ అనే వేగపు రైలు ఎక్కండి. ముందుగా కొంటే ధర తగ్గుతుంది, బయలుదేరే రోజు కొంటే గుండె గుభేలుమంటుంది. లైప్‌జిగ్ నుంచి ఎస్-బాన్ అనే ప్రాంతీయ రైలు అరగంటలో తెచ్చి దింపుతుంది. జర్మనీలో చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్ళలో చాలామంది దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ చందా ఉంటుంది. దానితో ప్రాంతీయ రైళ్ళూ, హాలె ట్రాములూ అన్నీ ఎక్కవచ్చు, ఐసీఈ మాత్రం ఎక్కకూడదు. లైప్‌జిగ్-హాలె విమానాశ్రయం పేరుకు తగ్గట్టే రెండు ఊళ్ళ మధ్యన ఉంది, అక్కడి నుంచీ రైలు ఉంది.

ఏ రోజులు ఎంచుకోవాలి?

గురు, శుక్రవారాలు. ఊరికే చెప్పడం లేదు. ఇక్కడి మ్యూజియాలకు ఎక్కువగా సోమవారం సెలవు. మోరిట్స్‌బుర్గ్ కళా మ్యూజియం ఒక్కటి అందరికీ ఎదురు, బుధవారం మూస్తుంది. ఆదివారం దుకాణాలన్నీ బంద్, మంచినీళ్ళ సీసా కోసం స్టేషన్‌కు పరుగెత్తాలి. గురువారం ఉదయం దిగి శుక్రవారం రాత్రి వెళ్ళిపోతే ఈ మూడు గండాలూ తప్పుతాయి. పైగా పుస్తకం చూడాలంటే పనిరోజు కావాలి. అయినా బయలుదేరే ముందు ఆయా సంస్థల సైట్లలో వేళలు ఒకసారి చూసుకోండి, పండుగ రోజుల్లో మారుతుంటాయి.

కాలం విషయానికొస్తే మే నుంచి సెప్టెంబరు దాకా హాయి. జూన్ ప్రాంతంలో ఈ ఊళ్ళో పుట్టిన సంగీతకారుడు హెండెల్ పేరిట సంగీతోత్సవం జరుగుతుంది, అప్పుడు గదులు దొరకడం కష్టం. ఆగస్టు చివరి శని, ఆదివారాల్లో నది మీద లాంతర్ల పండుగ చేస్తారు. దానికోసం వెళ్ళేట్టయితే నేను పైన చెప్పిన వారాల లెక్క వదిలేయండి, అది చూడదగ్గదే. డిసెంబరులో క్రిస్మస్ సంత బాగుంటుంది కానీ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. నదీ తీరం ఆ నెలలో దండగ.

బస స్టేషన్‌కూ మార్కెట్ చౌకుకూ మధ్య ఎక్కడైనా సరే. మధ్యదూరం ఒక కిలోమీటరు చిల్లర.

మూడు వారాల ముందు రాయాల్సిన ఉత్తరం

షుల్ట్సె పుస్తకం అద్దాల పెట్టెలో మీకోసం తెరిచి పెట్టి ఉంటుందనుకుని వెళ్ళకండి. అటువంటి పుస్తకాలు ఫ్రాంకె సంస్థల గ్రంథాలయం, దస్తావేజుల భాండాగారం అధీనంలో ఉంటాయి. చూడాలంటే పఠనశాలకు ముందే మెయిల్ పంపి అడగాలి. ఇంగ్లీషులో రాస్తే చాలు. మీరెవరు, ఎందుకు చూడాలనుకుంటున్నారు, ఏ తేదీన రాగలరు అనేవి నాలుగు ముక్కల్లో రాయండి. గ్రంథకర్త పేరు, 1746–47 అన్న సంవత్సరాలు, తెలుగు భాష అన్న మాట తప్పక ఉండాలి.

జాబితాలో మీరే వెతుక్కునేట్టయితే ఒక చిట్కా. ఆ కాలపు లాటిన్ శీర్షికల్లో మన భాష ‘తెలుగికా’ అని కనిపిస్తుంది, కొన్నిచోట్ల ‘వారుగికా’ అని కూడా. రెండోది చూసి కంగారు పడకండి. తమిళులు మనల్ని వడుగులంటారు కదా, ఆ మాటే దక్షిణాది నుంచి ఓడెక్కి లాటిన్ తొడుగు వేసుకుంది.

అదే ఉత్తరంలో డిజిటల్ ప్రతి ఉందా అని కూడా అడగండి. ఉంటే ముందే ఇంట్లో కూర్చుని చదువుకుని వెళ్ళవచ్చు. అనుమతి రాకపోయినా ప్రయాణం మానుకోనక్కరలేదు. ఆ ప్రాంగణం అందరికీ తెరిచే ఉంటుంది. గ్రంథాలయం వాళ్ళు ఏ వేళ ఇస్తే దాన్ని బట్టి నేను కింద రాసిన రెండో రోజు వరుసను ముందుకో వెనక్కో జరుపుకోండి.

మొదటి రోజు ఉదయం: స్టేషన్ నుంచి మార్కెట్ చౌకు దాకా

సామాను స్టేషన్ లాకర్లో పడేసి నడవండి. లైప్‌జిగర్ టూర్మ్ అనే పాత బురుజు దాటగానే లైప్‌జిగర్ వీధి మొదలవుతుంది. వాహనాలు తిరగని బజారు వీధి అది. దాని వెంట నేరుగా పోతే ఇరవై నిమిషాల లోపే మార్కెట్ చౌకు. దారిలోని దుకాణాల్లో చూడాల్సిందేమీ లేదు, జర్మనీలో ఏ బజారు వీధిలోనైనా అవే ఉంటాయి.

చౌకులోకి అడుగుపెట్టగానే ఐదు గోపురాలు కనిపిస్తాయి. హాలె వాళ్ళు తమ ఊరిని ఐదు గోపురాల ఊరని చెప్పుకుంటారు. అందులో నాలుగు మార్కెట్ చర్చివి. ఐదోది విడిగా నిలబడిన రోటర్ టూర్మ్, అంటే ఎర్ర గోపురం. 1418లో మొదలుపెట్టి 1506లో పూర్తి చేశారు, ఎత్తు 84 మీటర్లు. పేరు ఎర్ర గోపురమే గానీ ఎరుపు కోసం వెతకకండి. దాని లోపల 76 గంటల వాద్యం ఉంది, ఐరోపాలో ఇంత పెద్దది మరొకటి లేదు. గోపురం పాదాల దగ్గర కత్తి పట్టుకున్న రోలాండ్ విగ్రహం ఊరికి సొంత న్యాయాధికారం ఉండేదనడానికి గుర్తు.

చౌకు మధ్యలో హెండెల్ విగ్రహం ఉంది. 1685లో ఈ ఊళ్ళోనే పుట్టి, పద్దెనిమిదేళ్ళకు వదిలి వెళ్ళి, చివరికి లండన్ వాడైపోయిన సంగీతకారుడు. ఆయన పోయిన నూరేళ్ళకు, 1859లో, ఈ విగ్రహం పెట్టారు. రెండు వీధుల అవతల ఆయన పుట్టిన ఇల్లు మ్యూజియంగా ఉంది. పాశ్చాత్య సంగీతం మీద మక్కువ ఉంటే ఒక గంట కేటాయించండి, పాత వాద్యాల సేకరణ బాగుంటుంది. లేకపోతే బయటి నుంచి చూసి కదలండి, తప్పేమీ లేదు.

పర్యాటక సమాచార కేంద్రం చౌకులోనే మార్క్ట్‌ష్లోస్‌ఖెన్ అనే పాత భవనంలో ఉంది. అక్కడ రెండు పనులు చేయండి. ఒకటి, కాగితం పటం తీసుకోవడం. రెండు, మార్కెట్ చర్చి మీది హౌస్‌మన్ గోపురాలు ఎక్కించే బృందం ఆ రోజు ఎన్నింటికని అడగడం.

మార్కెట్ చర్చి: ఇక్కడ తొందరపడకండి

నాలుగు గోపురాలు రెండు రకాలుగా ఉన్నాయని బయటి నుంచే గమనించి ఉంటారు. కారణం చెబుతాను. ఈ చోట ఒకదాని వెనక ఒకటి రెండు చర్చిలు ఉండేవి. 1529లో కార్డినల్ ఆల్బ్రెహ్ట్ రెంటి మధ్య భాగాలూ కూల్చి, రెంటి గోపురాలూ ఉంచి, వాటి నడుమ కొత్త మండపం కట్టించడం మొదలుపెట్టాడు. అందుకే తూర్పున రెండు, పడమర రెండు. తూర్పువి హౌస్‌మన్ గోపురాలు. పైన ఒక చిన్న వంతెన వాటిని కలుపుతుంది. ఊరికి నిప్పంటుకుంటే గంట కొట్టి చెప్పే కావలివాడు అక్కడే కాపురముండేవాడు. మోకాళ్ళు సహకరిస్తే ఎక్కి తీరాలి.

ఆల్బ్రెహ్ట్ ఎవరో తెలిస్తే ఈ చర్చి ఇంకా రుచిస్తుంది. పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని నడిపించిన ఆర్చిబిషప్ ఈయనే. 1517 అక్టోబరు 31న మతసంస్కర్త మార్టిన్ లూథర్ తన 95 వాదాలను జోడించి ఉత్తరం రాసింది ఈయనకే. లూథర్ ప్రభావాన్ని అడ్డుకోవడానికి హాలెను కోటలా తీర్చిదిద్దాలనుకున్నాడు, ఈ చర్చి ఆ పథకంలో భాగం. 1541లో ఆయనే ఊరు వదిలి పోవలసి వచ్చింది. 1545లో లూథర్ వచ్చి అదే చర్చిలో ప్రసంగించాడు. ఎవరికోసం కట్టిన పందిరి ఎవరి పెళ్ళికి పనికొచ్చిందో చూడండి.

1546 ఫిబ్రవరిలో ఐస్‌లేబెన్‌లో లూథర్ చనిపోతే, శవాన్ని విట్టెన్‌బెర్గ్‌కు తీసుకెళ్తూ ఒక రాత్రి హాలెలో ఉంచారు. ఆయన ముఖానికీ చేతులకూ తీసిన అచ్చులు ఈ చర్చిలో చిన్న గదిలో ఉన్నాయి. దానికి కొద్దిపాటి రుసుము ఉంటుంది, చిల్లర దగ్గర పెట్టుకోండి. చేతులు చూడండి. ముఖం కన్నా చేతుల్లోనే మనిషి ఎక్కువగా కనిపించాడు నాకు.

బయటికి వచ్చేముందు బలిపీఠం పైనున్న చిన్న ఆర్గన్ కేసి తలెత్తండి. 1664 నాటిది. చిన్నప్పటి హెండెల్ ఈ చర్చి వాద్యకారుడు త్సాఖోవ్ దగ్గరే పాఠాలు నేర్చుకున్నాడు. ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. 1746లో, అంటే షుల్ట్సె తెలుగు అక్షరాలతో కుస్తీ పడుతున్న ఏడాదే, మహా సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్ ఈ చర్చికి ఆర్గన్ వాద్యకారుడిగా వచ్చాడు. ఊరు చిన్నది. ఆదివారం పూట ఇద్దరూ ఎదురుపడే ఉంటారని ఊహించుకోవడానికి అడ్డేమీ లేదు.

ఉప్పు, చాక్లెట్, మధ్యాహ్న భోజనం

చర్చి వెనక మెట్లు దిగితే హాల్‌మార్క్ట్. ఎక్కువ భాగం ఖాళీ జాగానే. ఈ పల్లంలోనే ఒకప్పుడు ఉప్పు బావులు, ఉప్పునీరు కాచే పాకలు ఉండేవి. ఊరి సొమ్మంతా ఆ ఉప్పుదే, పేరు కూడా ఉప్పుదేనంటారు. ఉప్పు కాచేవాళ్ళను హలోరెన్ అంటారు. వాళ్ళ పండుగ కోటుకు గుండ్రటి వెండి గుండీలుంటాయి. ఆ గుండీల ఆకారంలో చేసే హలోరెన్ కూగెల్న్ అనే చాక్లెట్ ఉండలు ఊరి గుర్తుగా ఇంటికి తీసుకెళ్ళదగ్గవి. చేసే కంపెనీ 1804 నాటిది, జర్మనీలో ఇప్పటికీ నడుస్తున్న చాక్లెట్ ఫ్యాక్టరీలలో అదే పాతది. స్టేషన్ అవతలి వైపు వాళ్ళ మ్యూజియం, దుకాణం ఉన్నాయి. పిల్లలు వెంట ఉంటే మీరు వద్దన్నా ఆగరు. వేసవిలో కొంటే గదిలో చల్లటి చోట పెట్టుకోండి.

శాకాహారులకు రెండు మాటలు. ‘వెగెటారిష్’ అంటే అర్థం చేసుకుంటారు. కానీ బంగాళదుంపల వంటకాల్లో, సూపుల్లో చెప్పకుండా ‘ష్పెక్’ వేస్తారు. అది పంది మాంసం ముక్క. ‘ఓనె ష్పెక్’, అంటే ష్పెక్ లేకుండా అని చెప్పడం నేర్చుకోండి. ఫలాఫెల్ రొట్టె ఎక్కడైనా దొరుకుతుంది. బేకరీలో వెన్న రాసిన బ్రేట్సెల్ ఒకటి, కాఫీ ఒకటి తీసుకుంటే పూట గడుస్తుంది. ఆవకాయ ప్యాకెట్టు సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్ళను నేను ఎగతాళి చేయను, నా దగ్గరా ఉంటుంది.

ప్లాస్టిక్ నీళ్ళ సీసా పారేయకండి. ఒక్కోదానికి 25 సెంట్లు ముందే కట్టించుకున్నారు. సూపర్ మార్కెట్‌లోని యంత్రంలో వేస్తే వెనక్కి వస్తాయి.

మధ్యాహ్నం: డోమ్, మోరిట్స్‌బుర్గ్

హాల్‌మార్క్ట్ నుంచి ఉత్తరంగా సన్న సందుల్లో నడిస్తే డోమ్. ఈ ఊళ్ళో నిలిచిన చర్చిల్లో పాతది, 1271లో డొమినికన్ సన్యాసులు మొదలుపెట్టారు. పైకప్పు చుట్టూ ఉన్న అర్ధచంద్రాకారపు ముఖపట్టాలు మన ఆల్బ్రెహ్ట్ పెట్టించినవే. లోపల పది నిమిషాలు చాలు.

ఇంకొంచెం ముందుకు పోతే మోరిట్స్‌బుర్గ్. 1484లో ఆర్చిబిషప్పులు ఊరి ప్రజలను అదుపులో పెట్టడానికి కట్టుకున్న కోట. ఉప్పు ధనికులు స్వతంత్రంగా తిరుగుతుంటే వాళ్ళ నెత్తిన కూర్చోవడానికన్నమాట. ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో, 1637లో కాలిపోయింది. శతాబ్దాల పాటు మొండి గోడలుగా ఉన్న రెక్కల మీద 2008–10 మధ్య స్పెయిన్ వాస్తుశిల్పులు నీటో, సొబెహానో అల్యూమినియం కప్పు వేశారు. పాతదాన్ని పాతదిగానే ఉంచి, కొత్తది కొత్తగానే కనిపించేట్టు కట్టారు. మన కోటల మరమ్మతులు చూసి విసిగిన కళ్ళకు ఇది ఊరట.

లోపల కళా మ్యూజియం. లియోనెల్ ఫైనింగర్ 1929–31లో ఇదే కోట ద్వార గోపురంలో కూర్చుని ఈ ఊరిని పదకొండు చిత్రాలుగా గీశాడు. వాటిలో కొన్ని ఇక్కడున్నాయి. పొద్దున మీరు చూసిన మార్కెట్ చర్చి గోపురాలు గాజుముక్కలుగా పగిలి మళ్ళీ అతికినట్టు కనిపిస్తాయి. అందుకే చర్చి ముందు, చిత్రాలు తర్వాత చూడమంటున్నాను.

ఓపిక మిగిలితే దగ్గరలోనే విశ్వవిద్యాలయ వృక్షోద్యానం ఉంది, 1698 నాటిది.

సాయంత్రం: నది ఒడ్డు

ట్రామ్ ఎక్కి గీబిఖెన్‌స్టైన్ వెళ్ళండి. ఎక్కేముందు టికెట్ కొనడం, దాని మీద సమయం ముద్ర పడిందో లేదో చూడటం మరవకండి. తనిఖీవాళ్ళు మామూలు బట్టల్లో ఉంటారు. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు. కొత్తవాణ్ణి, తెలియదు అంటే వినరు.

గీబిఖెన్‌స్టైన్ జాలె నది మీద రాతి గుట్ట. గుట్ట మీద కోట శిథిలాలు, కింది భాగంలో బుర్గ్ అని పిలిచే పేరున్న కళాశాల. లూడ్విగ్ అనే ప్రభువును ఇక్కడ బంధిస్తే కిటికీలోంచి నదిలోకి దూకి పారిపోయాడని కథ. పైనుంచి కిందికి చూస్తే కథ కథేనని అర్థమవుతుంది, నది అంత దగ్గరలో లేదు. శిథిలాలు వేసవి నెలల్లోనే తెరుస్తారు. పక్కనున్న వంతెన మీద గేర్హార్డ్ మార్క్స్ 1928లో చెక్కిన భారీ గుర్రం, ఆవు ఉన్నాయి. ఆ ఆవు ముందు నిలబడి మనవాళ్ళు ఫోటో దిగకుండా రారు.

రెండో రోజు ఉదయం: కృత్తికలున్న పలక

రాష్ట్ర పూర్వచరిత్ర మ్యూజియం మార్కెట్‌కు ఉత్తరంగా ఉంది, ట్రామ్ పోతుంది. తలుపు తీసే వేళకు వెళ్ళండి. నేరుగా నెబ్రా ఆకాశ పలక ఉన్న గదికి నడవండి, మిగతావి తర్వాత చూడవచ్చు. గది చీకటిగా ఉంటుంది. కళ్ళు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఊరికే నిలబడండి.

అది సుమారు 32 సెంటీమీటర్ల కంచు పళ్ళెం. దాని మీద బంగారు రేకులతో నెలవంక, సూర్యుడో పున్నమి చంద్రుడో అయిన గుండ్రటి బిళ్ళ, చెదిరిన చుక్కలు. ఆ చుక్కల్లో ఏడు మాత్రం గుత్తిగా ఉంటాయి. పండితులు దాన్ని ప్లయడీస్ అంటారు. మనకు కృత్తికలు. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో దీన్ని భూమిలో పాతిపెట్టారు. ఖగోళాన్ని ఇంత స్పష్టంగా చూపిన బొమ్మల్లో ఇంతకన్నా పాతది దొరకలేదు. అంచున ఉన్న బంగారు పట్టీ పరిచే కోణం 82 డిగ్రీలు. ఈ ప్రాంతంలో ఏడాది పొడవునా సూర్యుడు అస్తమించే చోటు ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగే దూరం అంతే. మన మాటలో చెప్పాలంటే ఉత్తరాయణ దక్షిణాయనాల కొలబద్ద.

ఇది దొరికిన తీరు పోలీసు కథ. 1999లో ఇద్దరు దొంగ తవ్వకందార్లు నెబ్రా దగ్గరి గుట్ట మీద లోహశోధినితో తవ్వి, దొంగ బజారులో అమ్మేశారు. అది చేతులు మారి ధర పెరుగుతూ పోయింది. 2002లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ హోటల్‌లో పురావస్తు అధికారి హరాల్డ్ మెల్లర్ కొనుగోలుదారుగా నటిస్తే పోలీసులు పట్టుకున్నారు. పలక అంచున చిన్న దెబ్బ కనిపిస్తుంది, అది తవ్విన పనిముట్టుది.

శ్మశానంలో అరగంట

ఫ్రాంకె సంస్థలకు వెళ్ళే దారిలో ష్టాట్‌గోట్టెస్‌ఆకర్ అనే శ్మశానం ఉంది. చూడవలసిన స్థలాల్లో శ్మశానమేమిటనకండి. 1557లో మొదలుపెట్టి ఇటలీ పద్ధతిలో కట్టారు. నాలుగు వైపులా 94 తోరణాలు, ప్రతి తోరణం కింద ఒక కుటుంబపు సమాధి గది. తోరణాల మీది చెక్కుడు పని ఒకదానిలా ఒకటి ఉండదు. హెండెల్ తండ్రి ఇక్కడున్నాడు. ఇప్పుడు మనం ఎవరి దగ్గరికి వెళ్తున్నామో ఆ ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె కూడా ఇక్కడే ఉన్నాడు.

ఫ్రాంకె సంస్థలు

కనీసం మూడు గంటలు ఉంచుకోండి. ట్రామ్ స్టాపు పేరు ఫ్రాంకెప్లాట్స్. దిగగానే ఎత్తయిన రోడ్డు వంతెన ఒకటి కళ్ళకు అడ్డం పడుతుంది. తూర్పు జర్మనీ ప్రభుత్వ కాలంలో, ఈ భవనాలను పాడుబడనిచ్చిన రోజుల్లో, వాటి ముక్కు ముందే కట్టారు. దాన్ని దాటి లోపలికి వెళ్ళండి.

1695లో ఫ్రాంకె ఇంటి విరాళాల పెట్టెలో ఒకామె నాలుగు టాలర్లు, పదహారు గ్రోషెన్లు వేసింది. ఆ సొమ్ముతో పేదపిల్లల బడి పెట్టాడు ఈ పాస్టరు. 1698లో అనాథాశ్రమానికి పునాది వేశాడు. 1727లో ఆయన పోయేనాటికి రెండు వేల మందికి పైగా పిల్లలు ఇక్కడ చదువుకుంటున్నారు. సొంత మందుల తయారీ, పుస్తకాల అంగడి, అచ్చుకూటం ఉండేవి. బైబిలును చవకగా అచ్చు వేసి పంచే సంస్థ 1710లో ఇక్కడే మొదలైంది. తరంగంబాడికి మతబోధకులు వెళ్ళిందీ ఇక్కడి నుంచే. వాళ్ళకు కావలసిన తమిళ అక్షరాలను ముందు ఇక్కడే పోతపోసి ఓడలో పంపారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత షుల్ట్సె తెలుగుతో తిరిగొచ్చినప్పుడు, తెలియని లిపి అంటే బెదరని ఊరు అప్పటికే సిద్ధంగా ఉంది.

లోపల ఈ వరుస పాటించండి. ముందు చారిత్రక అనాథాశ్రమ భవనంలో టికెట్ తీసుకుని నేరుగా అటకకు ఎక్కండి. అక్కడ ‘కళా, ప్రకృతి వస్తువుల గది’ ఉంది. 1741 నాటి అమరికలోనే, రంగులు వేసిన పాత బీరువాల్లో, మూడు వేల దాకా వస్తువులున్నాయి. పైన మొసలి వేలాడుతుంటుంది. పిల్లలకు ప్రపంచం చూపించడానికి పెట్టిన గది ఇది. భారతదేశం నుంచి పంపిన వస్తువుల దగ్గర తాళపత్రాలు చూడండి. మన తాతల ఇళ్ళలో చెదలు పట్టిపోయినటువంటివి ఇక్కడ మూడువందల ఏళ్ళుగా బీరువాలో ఉన్నాయని మనసు కొంచెం చివుక్కుమంటుంది.

ఇంకా పైకి, కప్పు మీది మేడకు వెళ్ళే మెట్లు తెరిచి ఉంటే ఎక్కండి. కింద సన్నటి పొడవాటి ప్రాంగణం, దాని ఒక పక్కంతా సుమారు 110 మీటర్ల పొడవున్న ఆరంతస్తుల చెక్క చట్రం భవనం కనిపిస్తాయి. ఈ రకంలో ఐరోపాలోనే పెద్ద భవనాల్లో ఒకటి.

దిగి ప్రాంగణంలోని గ్రంథాలయానికి రండి, 1728 నాటి కట్టడం. పుస్తకాల బీరువాలు రంగస్థలం మీది పక్క తెరల్లా రెండు వైపుల నుంచీ లోపలికి పొడుచుకు వచ్చి ఉంటాయి. జనం తక్కువగా ఉంటారు. పాత కాగితం, పాత చెక్క కలిసిన వాసన.

అనుమతి వచ్చి ఉంటే ఇక పఠనశాల. పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి, సంచి, కోటు బయట పెట్టిస్తారు. పెన్ను తీసుకెళ్ళకండి, పెన్సిలు మాత్రమే. ఫోటో తీయాలంటే ముందు అడగండి. పుస్తకం వచ్చాక పేజీలు పైమూల నుంచి నెమ్మదిగా తిప్పండి. మొదటి పేజీ చదవబోకండి, ఊరికే చూడండి. ఏ అక్షరం మీద మీ కన్ను ఆగుతుందో గమనించండి. తలకట్టు ఎలా ఉంది, వత్తు ఎక్కడ కూర్చుంది, రెండు మాటల మధ్య ఎంత జాగా వదిలారు. తర్వాత ఒక్క వాక్యం పెన్సిలుతో నోటు పుస్తకంలోకి దించుకోండి, అక్షరం అక్షరం వాళ్ళు వేసినట్టే. అరగంట పడుతుంది.

అక్కడి నుంచి స్టేషన్‌కు నడక పావుగంట.